బిల్లు ఎవరు పంపినా సంతకం మీదే

అమెరికాలో సొంత క్లినిక్ పెట్టుకున్న డాక్టరుకి రెండు ఉద్యోగాలు. రోగుల్ని చూడటం ఒకటి, చూసినందుకు రావలసిన డబ్బు రాబట్టుకోవడం రెండోది. ఈ రెండోదాన్ని ఏ మెడికల్ కాలేజీలోనూ నేర్పరు. గుంటూరులోనో వరంగల్‌లోనో ఎంబీబీఎస్ చదివి, అక్కడికెళ్లి రెసిడెన్సీ చేసి, కొన్నేళ్లు ఆస్పత్రి జీతం మీద పనిచేసినవాళ్లకు సొంత బోర్డు పెట్టిన రోజునే అది మొదటిసారి ఎదురవుతుంది. మోయలేక దాన్ని బయటి బిల్లింగ్ కంపెనీకి అప్పజెప్పేస్తారు. అప్పజెప్పడాన్ని నేను తప్పుపట్టను, చిన్న ప్రాక్టీసుకు చాలాసార్లు అదే తెలివైన పని. చిక్కల్లా ఏమిటంటే, పనితోపాటు ఆ పని మీద ఉండాల్సిన ధ్యాసనీ చాలామంది ఇచ్చేసుకుంటారు. ఈ అధ్యాయంలో నేను వాదించేది ఒక్కటే: మీ డబ్బు ఎక్కువగా జారిపోయేది మీ క్లినిక్ గోడల మధ్యే, బిల్లింగ్ కంపెనీ దాకా వెళ్లకముందే. కనుక మీ ఆఫీసు తప్పుల్ని మీకు చూపించే కంపెనీని ఎంచుకోవాలి, చూపించినప్పుడు చూసే ఓపిక మీకుండాలి.

ఈ మాటకు ఆధారం తిరస్కరణల లెక్కల్లో ఉంది. హెల్త్‌కేర్ డాట్ గవ్ ద్వారా అమ్మే ప్లాన్లు 2023లో నెట్‌వర్క్ లోపలి క్లెయిముల్లో సుమారు 19 శాతాన్ని తిరస్కరించాయని కేఎఫ్ఎఫ్ అనే ఆరోగ్య విధాన పరిశోధన సంస్థ తేల్చింది. అంటే అయిదింట దాదాపు ఒకటి. తిరస్కరణ అనగానే మనకు తట్టేది, "ఈ వైద్యం అవసరం లేదు" అంటూ ఇన్సూరెన్స్ కంపెనీ డాక్టరు నిర్ణయాన్ని కాదనడం. కానీ ఆ కారణంతో పోయినవి తిరస్కరణల్లో 6 శాతమే. కాగితాల లోపాల వంటి పరిపాలనా కారణాలు 18 శాతం, ముందస్తు అనుమతి గానీ రిఫరల్ గానీ లేకపోవడం 9 శాతం, ప్లాన్‌లో లేని సేవ అన్నది 16 శాతం. మూడో వంతుకి కంపెనీలు ‘ఇతర కారణాలు’ అని రాసి ఊరుకున్నాయి కనుక ఈ అంకెల్ని మరీ సాగదీయకూడదు. అయినా గాలి ఎటు వీస్తోందో తెలుస్తూనే ఉంది. అనుమతి తీసుకున్నామా, ఈ సేవ ప్లాన్‌లో ఉందా, పేరూ నంబరూ సరిపోయాయా అన్నవన్నీ రోగి మీ గదిలోకి రాకముందే తేలాల్సిన సంగతులు.

ఒక్క క్లెయిమ్ వెంట చివరిదాకా వెళ్లి చూద్దాం. జనవరి రెండో వారంలో ఒక పాత రోగి వచ్చాడనుకోండి. ఉద్యోగం మారాడు, 1వ తేదీ నుంచి ఇన్సూరెన్సూ మారింది. ఫ్రంట్ డెస్క్‌లో ఉన్నావిడ "ఏమైనా మారాయా?" అని అడిగారు. అడ్రసు గురించి అడుగుతున్నారనుకుని అతను లేదన్నాడు. ఆవిడ కార్డు చూడలేదు, ఎలిజిబిలిటీ చెక్ చేయలేదు. చేసి ఉంటే 270 అనే ప్రశ్న వెళ్లి, 271 అనే జవాబు సెకన్లలో వచ్చి, పాలసీ రద్దయిందని అక్కడికక్కడే తెలిసేది. మీరు నోట్ పూర్తిచేయడానికి ఇంకో ఆరు రోజులు పట్టింది. క్లెయిమ్ పాత కంపెనీకి వెళ్లి, మూడు వారాలకు సీఓ-27 కోడ్‌తో తిరిగొచ్చింది, అంటే ఆ తేదీకి పాలసీ లేదని. కొత్త ఇన్సూరెన్స్ వివరాలు పంపమని బిల్లింగ్ కంపెనీ మీ ఆఫీసుకి మెయిల్ పెట్టింది. ఆ మెయిల్ ఎవరు చూడాలో మీ ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఇంకో మెయిల్ వచ్చింది, అదీ అలాగే పడి ఉంది. ఏప్రిల్ మూడో వారంలో ఎవరో రోగికి ఫోన్ చేసి కొత్త కార్డు తెప్పించారు. ఆ కొత్త కంపెనీతో మీ ఒప్పందంలో క్లెయిమ్ పంపే గడువు 90 రోజులు. ఈసారి వచ్చిన కోడ్ సీఓ-29, గడువు దాటింది. సీఓ పద్దులో పడిన మొత్తాన్ని ఒప్పందం ప్రకారం మీరే వదులుకోవాలి, మామూలుగా రోగిని అడగడానికి వీల్లేదు. మెడికేర్ అయితే సేవ చేసిన రోజు నుంచి ఏడాది సమయమిస్తుంది, ప్రైవేటు కంపెనీల్లో చాలావాటికి అంత ఓపిక ఉండదు. ఈ మొత్తంలో బిల్లింగ్ కంపెనీ లోపం వెతికితే, మెయిళ్లతో సరిపెట్టి ఫోన్ చేయకపోవడం ఒక్కటే దొరుకుతుంది. కార్డు చూడకపోవడం, నోట్ ఆలస్యం, జవాబు లేని మెయిలు అన్నీ మీ ఇంటి వ్యవహారాలే. కంపెనీని మారిస్తే అవి మారవు.

కోడింగ్ సంగతీ ఇలాంటిదే. మోకాలి నొప్పితో వచ్చిన మనిషికి కీలులో ఇంజెక్షన్ ఇచ్చారు, దాని సీపీటీ కోడ్ 20610. అదే విజిట్‌లో అదుపు తప్పిన బీపీని చూసి మందు మార్చారు కనుక 99214 కూడా వేయవచ్చు, దానికి 25 మాడిఫయర్ తగిలించాలి. ఇంజెక్షన్‌లో భాగమైన మామూలు పరీక్ష కాక, వేరుగా, చెప్పుకోదగ్గ వైద్యం ఇంకొకటి జరిగిందని ఆ మాడిఫయర్ ఇన్సూరెన్స్ కంపెనీకి చెబుతుంది. మీ నోట్‌లో బీపీ అంకె మాత్రమే ఉండి, ఏ మందు ఎందుకు మార్చారో లేదనుకోండి. కోడర్ నిజాయితీపరుడైతే ఇంజెక్షన్ ఒక్కటే పంపుతాడు, మీరు చేసిన పనికి డబ్బు రాదు. అంత నిజాయితీ లేనివాడైతే రెండూ పంపుతాడు, డబ్బొస్తుంది, ఆడిట్ జరిగిన రోజున వడ్డీతో సహా మెడకు చుట్టుకుంటుంది. ఆఫీసు విజిట్ ఏ స్థాయిదన్నది 2021 నుంచి మీ వైద్య నిర్ణయం ఎంత సంక్లిష్టమైందో చూసి గానీ, ఆ రోజు ఆ రోగికి మీరు వెచ్చించిన మొత్తం సమయాన్ని బట్టి గానీ తేలుస్తున్నారు. పూర్వంలా ఎన్ని అవయవాలు పరీక్షించారో లెక్కపెట్టి గళ్లు నింపే అవసరం పోయింది. డాక్టర్లకు ఇంత మేలు చేసిన మార్పు బిల్లింగ్ నియమాల్లో అరుదు. కానీ దాని ఫలం దక్కాలంటే మీ తలలో జరిగిన ఆలోచన రెండు వాక్యాలుగా నోట్‌లోకి రావాలి. ఆ రెండు వాక్యాలు మీ తరఫున రాయగలిగిన బిల్లింగ్ కంపెనీ ప్రపంచంలో లేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. "వసూలైనదాంట్లో శాతమే కదా ఇస్తున్నాను. నాకొస్తేనే వాళ్లకొస్తుంది. ఇక నేను కాపలా కాయడం ఎందుకు?" సగం నిజమే. ఆ శాతం సాధారణంగా 4 నుంచి 8 మధ్య ఉంటుంది, 5 అనుకుందాం. 900 డాలర్ల క్లెయిమ్ తేలితే వాళ్లకు 45 డాలర్లు. 80 డాలర్ల క్లెయిమ్ తేలితే 4 డాలర్లు. ఆ 80 కోసం ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి అరగంట హోల్డ్‌లో ఉండాలి, రికార్డులు ఫ్యాక్స్ చేయాలి, నెల తర్వాత మళ్లీ ఫోన్ చేసి అందాయో లేదో కనుక్కోవాలి. 4 డాలర్లకు ఆ చాకిరీ ఎవరికీ గిట్టదు. వాళ్లు వదిలేస్తే వాళ్లకు పోయేది 4, మీకు పోయేది 76. ఫ్యామిలీ డాక్టర్లకూ పిల్లల డాక్టర్లకూ ఆదాయమంతా ఇలాంటి 80, 110 డాలర్ల క్లెయిములే కనుక, దెబ్బ ఎక్కువగా తగిలేది వాళ్లకే. ఇందులో ఎవరి కుట్రా లేదు. శాతం పద్ధతి పెద్ద క్లెయిముల దగ్గర మీ ఇద్దరినీ ఒకే వైపు నిలబెడుతుంది, చిన్నవాటి దగ్గర విడదీస్తుంది. కాబట్టి ఒప్పందంలోనే రాయించుకోవాలి: మొత్తం ఎంత చిన్నదైనా ప్రతి తిరస్కరణనీ ఫలానా రోజుల్లోగా ముట్టుకోవాలి, ముట్టుకున్నట్టు తేదీతో సహా నోట్ ఉండాలి. పోరాడితే ఫలితం ఉండదన్న నిరాశకూ ఆధారం లేదు. మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లకు 2023లో వచ్చిన దాదాపు 5 కోట్ల ముందస్తు అనుమతి అభ్యర్థనల్లో 32 లక్షలు పూర్తిగానో కొంతవరకో తిరస్కరణకు గురయ్యాయి. వాటిలో అప్పీలుకి వెళ్లినవి 11.7 శాతం. వెళ్లినవాటిలో 81.7 శాతం పూర్తిగానో కొంతవరకో డాక్టరు వైపు తిరిగాయి. అడిగినవాళ్లలో ఎక్కువమంది గెలిచారు, ఎక్కువమంది అసలు అడగలేదు.

బిల్లింగ్ కంపెనీ పంపే నెలవారీ నివేదికని ఎలా చదవాలో ఇప్పుడు చూద్దాం, ఎందుకంటే మోసం లేకుండానే మోసపోయే చోటు ఇది. మీరు ఒక విజిట్‌కి 200 డాలర్లు ఛార్జి వేశారు. ఇన్సూరెన్స్ ఒప్పందం అనుమతించింది 110. మిగతా 90 సీఓ-45 కింద పోతుంది, అది ఎప్పుడూ మీది కాదు. 110లో ఇన్సూరెన్స్ కంపెనీ 88 చెల్లించింది, 22 రోగి ఇవ్వాలి. మొత్తం 110 చేతికొస్తే నికర వసూలు నూటికి నూరు. 22 రాకపోతే 80 శాతం. ఇంతవరకు సూటిగానే ఉంది. ఇప్పుడు పైన చెప్పుకున్న గడువు దాటిన క్లెయిమ్‌ని తీసుకోండి. దానిమీద రావలసిన 110ని ‘గడువు దాటినందువల్ల నష్టం’ అని వేరే పద్దులో కొట్టేయాలి. అలా కాక, సీఓ-45తో కలిపి ‘ఒప్పంద తగ్గింపు’ అని కొట్టేస్తే ఆ క్లెయిమ్ లెక్కలోంచే మాయమవుతుంది. పోయిన డబ్బుని ఎప్పుడూ రావలసిన డబ్బే కాదన్నట్టు చూపిస్తుంది. నివేదికలో నికర వసూలు 98 శాతం అని కనబడుతుంది, మీరు సంతోషిస్తారు. అందుకని గడువు దాటినవి, అనుమతి లేక పోయినవి, చిన్న బాకీలని వదిలేసినవి, దేనికదే వేరే సర్దుబాటు కోడ్‌తో చూపించమని మొదటి రోజే చెప్పాలి. మీ అనుమతి లేకుండా ఈ పద్దుల్లో ఒక్క డాలరు కూడా కొట్టేయకూడదని రాయించుకోవాలి. ఒప్పందం మొత్తంలో ఒక్క షరతే పెట్టుకునే వీలుంటే ఇదే పెట్టుకోమంటాను.

"ఇవన్నీ చూసే టైముంటే బయటికెందుకిస్తాను?" అన్నది రెండో అభ్యంతరం. రోజుకి ఇరవైమందికి పైగా రోగుల్ని చూసి, రాత్రి పిల్లలు పడుకున్నాక నోట్స్ రాసుకునే మనిషి అలా అడగడం న్యాయమే. కానీ ఇక్కడ కావలసింది వారానికి అరగంట. రక్తపరీక్ష ల్యాబ్‌కి పంపుతారు, రిపోర్టు మాత్రం మీరే చదువుతారు కదా, ఇదీ అంతే. ఆ అరగంటలో మూడు అంకెలు చూడండి: మొదటిసారి పంపినప్పుడే తిరస్కరణకు గురైన క్లెయిముల శాతం, రావలసిన బాకీ సగటున ఎన్ని రోజుల ఛార్జీలకు సమానం, అందులో 90 రోజులు దాటింది ఎంత. బాకీ రోజులు 40 లోపు ఉంటే ఫరవాలేదన్నది ఈ రంగంలో అందరూ వాడే కొలత. అయితే పాత బాకీలన్నీ ఒక్కసారిగా కొట్టేసినా ఈ అంకె అందంగా తగ్గుతుంది, కనుక దాని పక్కనే కొట్టేసిన మొత్తం కూడా చూడాలి. అంకెలకు పది నిమిషాలు చాలు. మిగతా ఇరవై నిమిషాలు ఆ వారం తిరస్కరించిన క్లెయిముల్లోంచి పదింటిని తీసి ఒక్కొక్కటీ ఎక్కడ పుట్టిందో చూడండి: ఫ్రంట్ డెస్క్ దగ్గరా, మీ నోట్‌లోనా, కోడింగ్‌లోనా, ఇన్సూరెన్స్ కంపెనీ మొండితనమా. నెల తిరిగేసరికి ఒకే తప్పు పదేపదే కనబడుతుంది. దాన్ని మొదట్లోనే ఆపితే, తర్వాత ఎవరూ ఫోన్ పట్టుకుని హోల్డ్‌లో కూర్చోనక్కర్లేదు.

అయితే సొంత బిల్లర్‌నే పెట్టుకోవచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరు ముగ్గురు డాక్టర్లున్న చోట, మంచి మనిషి దొరికితే బాగానే ఉంటుంది. కానీ ఆ ఒక్క మనిషి సెలవు పెడితే క్లెయిములు ఆగుతాయి, మానేస్తే పాస్‌వర్డులతో సహా అంతా అయోమయం. డబ్బు వసూలుచేసేదీ పుస్తకాల్లో రాసేదీ ఒకే చెయ్యి అయినప్పుడు ఉండే ప్రమాదం ఏ వ్యాపారికైనా తెలుసు. సొంత మనిషి ఉన్నా పై అరగంట తప్పదు.

చట్టం విషయంలో మాత్రం ఏ మినహాయింపూ లేదు. సీఎంఎస్-1500 అనే క్లెయిమ్ ఫారం 31వ గడిలో ఉండేది డాక్టరు సంతకం. ఈ రోజుల్లో క్లెయిములు ఎలక్ట్రానిక్‌గా వెళ్తున్నా, అవి నిజమని హామీ ఇస్తున్నది మీ పేరే. 1863 నాటి ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం ప్రకారం ప్రభుత్వానికి తప్పుడు క్లెయిమ్ ‘తెలిసి’ పంపితే నష్టానికి మూడు రెట్లు, పైగా క్లెయిమ్‌కి ఇంతని జరిమానా. ఆ ‘తెలిసి’ అన్న మాటలోకి కావాలని కళ్లు మూసుకోవడమూ, నిర్లక్ష్యంగా పట్టించుకోకపోవడమూ వస్తాయి. "మా బిల్లింగ్ వాళ్లు చూసుకుంటారు, నాకేం తెలియదు" అన్న జవాబు మిమ్మల్ని కాపాడకపోగా ఇరికిస్తుంది. శాతం ఇవ్వడంలోనూ జాగ్రత్త కావాలి. న్యూయార్క్ రాష్ట్రంలో డాక్టరు బిల్లింగ్ కంపెనీకి వసూళ్లలో వాటా ఇవ్వడాన్ని ఫీజు పంచుకోవడంగా చూసి, వృత్తిపరమైన తప్పుగా లెక్కిస్తారు. అక్కడ క్లెయిమ్‌కి ఇంతనో, నెలకు ఇంతనో మాట్లాడుకోవాలి. చెల్లింపులు ఎక్కడైనా సరే మీ పేరున్న ఖాతాలోకే రావాలి, అందులోంచి మీరు కంపెనీకి ఫీజు కట్టాలి. రోగుల వివరాలు హైదరాబాద్‌లో ఉన్న బిల్లింగ్ సిబ్బంది చూడటాన్ని రోగుల గోప్యత చట్టం హిపా నిషేధించదు. కానీ కొన్ని రాష్ట్రాల మెడికెయిడ్ ఒప్పందాలు ఆ వివరాలు అమెరికా దాటకూడదంటాయి, కనుక మీ రాష్ట్రంలో ఏముందో ముందే కనుక్కోవాలి. హిపా కోరే బిజినెస్ అసోసియేట్ ఒప్పందం, కంపెనీ మీ తోడల్లుడిదైనా, కాలేజీ రోజుల స్నేహితుడిదైనా ఉండి తీరాలి. మనవాళ్లలో ఈ మొహమాటం ఎక్కువ. మాట మీద నడిచే బంధం మంచిదే, రోగుల సమాచారం విషయంలో మాత్రం కాగితం లేని బంధం ఇద్దరికీ ముప్పు.

భద్రత అన్నది ఎంత పెద్ద మాటో 2024 ఫిబ్రవరి 21న తెలిసింది. యునైటెడ్‌హెల్త్‌కి చెందిన చేంజ్ హెల్త్‌కేర్ అనే క్లియరింగ్‌హౌస్ (క్లెయిముల్ని ఇన్సూరెన్స్ కంపెనీలకు చేరవేసే సంస్థ) మీద సైబర్ దాడి జరిగి, దేశమంతటా క్లెయిములు వెళ్లే దారే మూసుకుపోయింది. రెండు దశల ధ్రువీకరణ లేని ఒక పోర్టల్‌లోకి దొంగిలించిన పాస్‌వర్డుతో దూరారని, దాడి చేసినవాళ్లకు 2 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించామని యునైటెడ్‌హెల్త్ అప్పటి సీఈఓ కాంగ్రెస్ ముందు ఒప్పుకున్నారు. ఆ తర్వాత అమెరికన్ మెడికల్ అసోసియేషన్ చేసిన సర్వేలో 80 శాతం ప్రాక్టీసులు క్లెయిములు ఆగి ఆదాయం పోగొట్టుకున్నామన్నాయి. 55 శాతం ఖర్చుల కోసం సొంత డబ్బు పెట్టుకోవలసి వచ్చిందన్నాయి. చిన్న క్లినిక్ ఆ దాడిని ఆపగలిగేది కాదు. కానీ తన క్లెయిములు ఏ క్లియరింగ్‌హౌస్ గుండా వెళ్తున్నాయో, అది ఆగితే రెండో దారి ఏమిటో తెలిసిన డాక్టరు మొదటి వారంలోనే కదలగలిగాడు. తెలియనివాడు బిల్లింగ్ కంపెనీ ఫోన్ ఎత్తేదాకా ఆగాల్సి వచ్చింది.

బిల్లింగ్ కంపెనీలో పనిచేసే మనుషుల గురించి కూడా చెప్పుకోవాలి. మీ క్లెయిమ్ కోసం హోల్డ్‌లో ఉన్న గొంతు హైదరాబాద్‌లో నైట్ షిఫ్టులో ఉన్న ఏఆర్ కాలర్‌ది కావచ్చు. అలాంటివాళ్లలో డిగ్రీ అయిపోయి, సీపీసీ అనే కోడింగ్ సర్టిఫికెట్ కోసం వంద ప్రశ్నల పరీక్షకు చదువుకుంటున్న కుర్రాళ్లూ అమ్మాయిలూ ఉంటారు. మీ ఆఫీసు వాళ్లకు ఒక పేరూ ఒక ఎన్‌పీఐ నంబరూ మాత్రమే. వాళ్లు పంపిన ప్రశ్నకు జవాబు రాకపోతే ‘ప్రొవైడర్ ఆఫీసు నుంచి సమాధానం కోసం ఎదురుచూస్తున్నాం’ అని రాసి తర్వాతి అకౌంట్‌కి వెళ్లిపోవడం తప్ప వాళ్ల చేతుల్లో ఏమీ లేదు. మీ ఆఫీసులో ఒక్క మనిషిని పేరు పెట్టి ఈ ప్రశ్నలకు బాధ్యులను చేయండి, రెండు పనిదినాల్లో జవాబివ్వాలని నియమం పెట్టండి. నెలకోసారి మేనేజర్‌తో కాకుండా, మీ అకౌంట్ల మీద నేరుగా పనిచేసేవాళ్లతో వీడియో కాల్ పెట్టించుకోండి. "మా ఆఫీసు వల్ల మీ పని ఎక్కడ ఆగుతోంది?" అని తెలుగులోనే అడగండి. మేనేజర్ నివేదికలో ఎప్పుడూ రాని సంగతులు అక్కడ బయటపడతాయి.

ఇక విడిపోయే షరతుల్ని కలిసేటప్పుడే రాసుకోవాలి. క్లియరింగ్‌హౌస్ ఖాతా, ఇన్సూరెన్స్ పోర్టళ్ల లాగిన్లు, మీ సాఫ్ట్‌వేర్‌లోని డేటా అన్నీ మీ ప్రాక్టీసు పేరునే ఉండాలి. కంపెనీ మారితే పాత బాకీలు ఎవరు, ఎన్ని నెలలు, ఏ ఫీజుకి వసూలుచేస్తారో స్పష్టంగా ఉండాలి. లేకపోతే ఆ బాకీలు ఇద్దరికీ చెందక అలాగే ముసలివైపోతాయి. కొత్త కంపెనీని ఎంచుకునేటప్పుడు వాళ్ల ప్రెజెంటేషన్ చూసే ముందే, గత మూడు నెలల్లో తిరస్కరణకు గురైన మీ క్లెయిముల్లోంచి ఒక ఇరవై తీసి, రోగుల పేర్లూ వివరాలూ చెరిపేసి, పోటీలో ఉన్న ప్రతి కంపెనీకీ ఇవ్వండి. ఇవెందుకు పోయాయో వారంలో చెప్పమనండి. "మాకు వదిలేయండి, అంతా మేం చూసుకుంటాం" అన్నవాళ్లకు నమస్కారం పెట్టండి. మీ ఫ్రంట్ డెస్క్‌లో కార్డు ఎవరు స్కాన్ చేస్తారు, ఎలిజిబిలిటీ ఎప్పుడు చెక్ చేస్తారు, నోట్ మీద మీరు ఎన్నో రోజున సంతకం పెడతారు అని తిరిగి ప్రశ్నలు వేసినవాళ్లతో రెండో మీటింగ్ పెట్టుకోండి.